బావి లేని ఊళ్ళో చేద

"మళ్ళీ ఎవరింట్లో పురుడు?" అన్నాడు సదాశివరావు, పేపరు దించకుండానే.

సరోజిని రోట్లో శొంఠి దంచుతోంది. పక్కన పళ్ళెంలో వేయించిన వాము, పిప్పళ్ళు, మిరియాలు, పాతబెల్లం ఉన్నాయి. బాలింతకు పెట్టే కాయానికి ఏ ఇంట్లోనైనా ఇవే కావాలి. కాకపోతే ఢిల్లీలో పాతబెల్లం కోసం రెండు బస్సులు మారి ఐ.ఎన్.ఏ. మార్కెట్ దాకా వెళ్ళాలి. ఆ రెండు బస్సుల సంగతి సదాశివరావుకి తెలియదు. దంపుడు చప్పుడులో పేపరు చదవడం కుదరదని మాత్రం తెలుసు.

"నాలుగో అంతస్తులో సుధీంద్ర లేడూ, నెహ్రూ ప్లేస్‌లో కంప్యూటర్ కంపెనీ అబ్బాయి. వాళ్ళావిడ ఉషకి. ఆడపిల్ల."

"ఆ అబ్బాయి తల్లి వచ్చిందన్నావుగా కాకినాడ నుంచి?"

"వచ్చింది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చుని పిల్లకి నీళ్ళు పొయ్యలేదు."

"ఊరందరికీ చెయ్యడానికి నీకు ఓపికుంటుంది. నేను కాఫీ అడిగి పావుగంటైంది."

సరోజిని రోకలి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కాఫీ కలిపి ఇచ్చి వచ్చి, మళ్ళీ రోకలి అందుకుంది. ఇదంతా 1994 జనవరి మాట. మయూర్ విహార్‌లో అప్పట్లో తెలుగువాళ్ళకు పురోహితుడు కావాలంటే వారం ముందు చెప్పి, స్కూటర్ మీద తీసుకొచ్చి, మళ్ళీ దింపి రావాలి. సరోజినికి ఆ ఖర్చేమీ లేదు. కిందినుంచి ఒక కేక వేస్తే చాలు. పదిహేనేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఏ తెలుగింట్లో బిడ్డ పుట్టినా ఒళ్ళో వేసుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసింది ఆవిడే, సాంబ్రాణి పొగ వేసింది ఆవిడే. బారసాలలో పాట కూడా ఆవిడదే. సరోజినిగారి చెయ్యి మంచిదని పేరు. ఆ పేరుతోపాటు ప్రతి ఇంట్లోనూ ఒక జాకెట్టు గుడ్డ, రెండు అరటిపళ్ళు ఇస్తారు. బీరువాలో యాభైకి పైగా జాకెట్టు గుడ్డలున్నాయి, అందులో ఆవిడ కుట్టించుకోదగ్గవి రెండో మూడో.

అన్నిటికన్నా ముఖ్యం చేద వేయించడం. ఇరవై ఒకటో రోజున బాలింతను బావి దగ్గరికి తీసుకెళ్ళి, గట్టుకి పసుపు రాయించి, బొట్లు పెట్టించి, ఆమె చేతే చేద వేయించి నీళ్ళు తోడిస్తారు. ఆ నీళ్ళ బిందెతో ఆమె వంటింట్లో అడుగు పెడుతుంది. అంతటితో పురుడు తీరినట్టు. చూడటానికి పూజలా ఉంటుంది గానీ, నిజానికది డ్యూటీలో మళ్ళీ చేరడం. ఢిల్లీ ఫ్లాట్లలో బావులెక్కడివి? సరోజిని ఒక ప్లాస్టిక్ బకెట్‌కి పసుపు రాసి, చెంబుకి తాడు కట్టి, బకెట్‌లోంచే తోడిస్తుంది. కుళాయి నీళ్ళు పొద్దున్న ఏడున్నరకే ఆగిపోతాయి కాబట్టి ముహూర్తం కార్పొరేషన్ వాళ్ళు పెట్టినట్టే లెక్క. అందరూ నవ్వుకునేవారు. "ఎంతైనా నిజం బావి ఉంటే ఆ కళే వేరు" అని పెద్దవాళ్ళు నిట్టూర్చేవారు. సరోజిని మాత్రం ఎన్నడూ నిట్టూర్చలేదు. ఈ ఊళ్ళో బావులు లేకపోవడం ఆవిడకు ఎంత ఊరటో ఎవరికీ తెలియదు.

ఉషకి పుట్టింట్లో పురుడు పొయ్యడానికి వీల్లేకపోయింది. వాళ్ళ వదినకీ అదే నెల. ఒక గుమ్మంలో ఇద్దరు బాలింతలుండకూడదన్నారు. అందుకని సుధీంద్ర తల్లి దుర్గాంబ కాకినాడ నుంచి వచ్చింది, ఇరవై మూడో రోజుకి తిరుగు టికెట్టుతో సహా. ఆవిడ చెడ్డమనిషి కాదు. వేళకి పత్యం వండేది, కోడలి చెవుల్లో దూది పెట్టేది, తలకి గుడ్డ తనే కట్టేది. దానికి తోడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్క మాటే తిప్పి తిప్పి అనేది.

"చూశారా వదినగారూ, పిల్ల ఏడుస్తుంటే గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. నేను నలుగుర్ని కన్నాను, ఇలాంటి మనిషిని చూళ్ళేదు. బంగారంలాంటి ఎండ బాల్కనీలో పడుతుంటే పిల్లకి ఎండ చూపించదు, తను రాదు, నన్నూ తీసుకెళ్ళనివ్వదు. ఉద్యోగం చేసే పిల్లలకి సుకుమారం ఎక్కువండి."

ఢిల్లీ జనవరిలో ఎండ దొరికితే ఎవరూ వదులుకోరు. సొసైటీలో ప్రతి బాల్కనీలోనూ ఒక ముసలమ్మో, ఒక పరుపో, ఒక చంటిపిల్లో ఎండకాగుతూ కనిపిస్తారు. ఉష వాళ్ళ బాల్కనీ తలుపు మాత్రం మూసే ఉంటుంది. కర్టెన్ కూడా లాగి ఉంటుంది. సరోజిని అది చూసింది. చూసి కూడా, చలిగాలికి భయపడుతోందిలే అనుకుంది. తర్వాత ఆ 'లే' తలుచుకుని తనని తనే తిట్టుకుంది.

పద్దెనిమిదో రోజు పొద్దున్న దుర్గాంబ కిందికి కూరల బండి దగ్గరికి వెళ్ళింది. సరోజిని స్నానాలగది గుమ్మంలో పీట మీద కాళ్ళు చాపుకుని, పిల్లను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తోంది. ఉష మంచం అంచున కూర్చుంది.

"ఆంటీ, బాల్కనీ తలుపుకి తాళం వేయించగలరా?"

"ఎందుకమ్మా? నాలుగో అంతస్తుకి దొంగలెవరొస్తారు?"

"దొంగల కోసం కాదు." ఉష గొంతు మామూలుగా ఉంది, పాలవాడికి రేపు అరలీటరు చాలని చెప్పేటంత మామూలుగా. "తాళంచెవి మాత్రం నాకివ్వకండి. ఎక్కడ పెట్టారో కూడా చెప్పకండి. పిల్లని ఎత్తుకుని అటు వెళ్తే ఏం చేస్తానో నాకు తెలీట్లేదు."

సరోజిని చెయ్యి ఆపలేదు. కాళ్ళ మీద తడి పిల్ల ఉన్నప్పుడు ఏం విన్నా చెయ్యి ఆపకూడదు. మిగిలిన రెండు చెంబులూ పోసి, పిల్లను తువ్వాలులో చుట్టి గుండెకానించుకుని, అప్పుడు అడిగింది.

"ఎన్నాళ్ళనించీ ఇలా ఉంది?"

"ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నించీ."

"అబ్బాయికి చెప్పావా?"

"చెప్పాను. నిద్ర చాలక అలా అనిపిస్తుంది, హాయిగా పడుకో అన్నారు. పిల్ల రెండు గంటలకోసారి లేస్తుంది ఆంటీ. అది పడుకున్నా నాకు నిద్ర పట్టదు. అత్తయ్యగారికి చెప్తే... పిల్లని ఇంక నా చేతికివ్వరేమో." గోడకేసి చూస్తూ, "ఇవ్వకపోయినా బాగుండుననిపిస్తుంది. అదే భయంగా ఉంది" అంది.

సరోజిని పిల్లను దుర్గాంబ వచ్చేదాకా కింద పెట్టలేదు. తర్వాత ఇంటికి పరిగెత్తినట్టే వెళ్ళి, సదాశివరావు ఆఫీసు కాగితాలు దాచుకునే ట్రంకుపెట్టెకున్న తాళం విప్పింది. దాన్ని తీసుకెళ్ళి ఆ బాల్కనీ గడియకి వేసింది. "పిల్లులొస్తున్నాయి వదినగారూ, చంటిపిల్ల ఉన్న ఇల్లు కదా" అని దుర్గాంబతో చెప్పింది. తాళంచెవి కొంగున ముడేసుకుంది.

ఇరవైనాలుగేళ్ళ కిందట రామచంద్రపురంలో అత్తవారింటి పెరట్లో నిజం బావే ఉండేది. సరోజినికి పుట్టింట తల్లి లేదు, అందుకని మొదటి పురుడు అత్తవారే పోశారు. అర్జున్ పుట్టాడు. మగపిల్లాడని ఊరంతా పంచదార పంచారు. వాడు ఏడిస్తే ఆ ఏడుపు పక్కింట్లోంచి వస్తున్నట్టుండేది ఆమెకి. పాలు వచ్చేవి, కన్నీళ్ళు వచ్చేవి, రెండూ ఆమె ప్రమేయం లేకుండానే వచ్చేవి. పదిహేడో రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెళ్ళి బావిగట్టు మీద కూర్చుంది. దుఃఖం లేదు, కోపం లేదు, నీళ్ళు చల్లగా ఉంటాయనిపించింది, అంతే. అంట్లు తోమడానికి వచ్చిన కాంతమ్మ జడ పట్టుకుని వెనక్కి లాగింది. లాగి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి బూడిద, చింతపండు వాసన. అప్పుడు ఆమెకు దక్కిన వైద్యం అదొక్కటే. ఇంట్లోవాళ్ళు మాత్రం బాలింత గుణం పట్టిందన్నారు. భూతవైద్యుణ్ణి పిలిచారు, మిరపకాయల పొగ వేశారు, మొలకి తాయెత్తు కట్టారు. బావి మీద పాత తలుపుచెక్క అడ్డంగా పడేశారు. ఇరవై ఒకటో రోజున చేద సంగతి వస్తే అత్తగారు "ఆ మనిషిని బావి ఛాయలకి తీసుకెళ్ళేది లేదు" అంది. ఇరవై రెండో రోజున వంటమనిషి రాకపోతే అదే అత్తగారు "లేచి వంటింట్లోకి పద, పని చేస్తే అదే పోతుంది" అంది. బావికి పనికిరాని మనిషి పొయ్యికి పనికొచ్చింది. ఢిల్లీలో ఉన్న సదాశివరావుకి ఉత్తరం రాస్తే, 'పూర్తిగా నయమయ్యాకనే పంపించండి' అని జవాబు రాశాడు, సరుకు బాగుంటేనే పంపమని కొట్టువాడికి రాసినట్టు. నయమవడానికి ఏడాది పట్టింది. అది పోయిన సంగతి ఎవరూ గమనించలేదు. అప్పటికి ఆమె మంచి వంటమనిషి అయిపోయింది.

ఆ తర్వాత ఈ మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. బాలింత గుణం పట్టిన మనిషని తెలిస్తే ఎవరైనా పసిగుడ్డుని ఆమె ఒళ్ళో పెడతారా? మంచి చెయ్యి అంటారా? ఈ ఊళ్ళో ఆమెకంటూ ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే.

ఆ సాయంత్రం సుధీంద్ర చార్టర్డ్ బస్సు దిగి వస్తుంటే మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఉషని డాక్టరుకి చూపించాలి నాయనా."

"చూపించాం కదాంటీ, కుట్లు మానిపోయాయన్నారు."

"కుట్లకి కాదు. మనసుకి."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సైకియాట్రిస్ట్ దగ్గరికా? ఆంటీ, ప్లీజ్. అమ్మకి తెలిస్తే గాభరా పడిపోతుంది. ముందు బారసాల కానివ్వండి, అరవైమందిని పిలిచాం. అమ్మ వెళ్ళిపోతే ఉష ఇంటిపన్లో పడుతుంది. బిజీ అయితే అదే తగ్గిపోతుంది."

పని చేస్తే అదే పోతుంది. ఇరవైనాలుగేళ్ళ కిందటి వాక్యమే, ప్యాంటూ షర్టూ వేసుకుని చేతిలో బ్రీఫ్‌కేసుతో మెట్ల మీద నిలబడింది. సరోజినికి నవ్వు రాలేదు. ఈ పిల్లవాడు పెళ్ళాం మీద ప్రేమ లేనివాడు కాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. ప్రేమ ఉండి కూడా వినకపోవడం ఇలా ఉంటుందన్నమాట అనుకుంది. మర్నాడూ, ఆ మర్నాడూ పొద్దున్న వెళ్ళి సాయంత్రం దాకా ఉష దగ్గరే కూర్చుంది. రాత్రుళ్ళు పిల్లను తన పక్కలో పడుకోబెట్టుకోమని దుర్గాంబకి చెప్పింది. సదాశివరావు రెండుసార్లు పెట్టె తాళమేదని అడిగాడు. వాడుకలో ఉందని చెప్పింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే బారసాల అయింది. బియ్యంలో వేలితో రాసి పిల్లకు ఇషిత అని పేరు పెట్టారు. సరోజిని ఉయ్యాల పాట పాడింది. ఉష పట్టుచీరలో, ఎవరో కూర్చోబెట్టి మరిచిపోయిన మనిషిలా కూర్చుంది. పాట అవగానే దుర్గాంబ పసుపు రాసిన బకెట్ తెప్పించి గుమ్మం దగ్గర పెట్టించింది.

"రండి వదినగారూ, కుళాయి కట్టేసేలోపు చేద వేయించేయండి. రేపటినుంచి వంటిల్లు దీనికి అప్పజెప్పి నా దారిన నేను పోతాను."

సరోజిని చెంబుకి కట్టిన తాడు విప్పేసింది.

"ఇవాళ చేద వెయ్యడం లేదు."

"అదేమిటండీ?"

"అమ్మాయికి పురుడింకా తీరలేదు. ఐదో నెలలో వేద్దాం. ఐదో నెలలో వేసేవాళ్ళూ ఉన్నారు. చేద వెయ్యకుండా బాలింత వంటింట్లోకి రాకూడదు, మీకు తెలియంది కాదు."

"ఐదో నెలదాకా ఇంట్లో వంటెవరు చేస్తారూ?" అని దుర్గాంబ నోరు తెరిచింది.

"పిల్ల తండ్రి చేస్తాడు."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎదురు బ్లాకులో ఉండే కమలాకుమారి, కోడలికి ఎనిమిదో నెల అవడంతో ఈమధ్యే సరోజినిని మాట్లాడిపెట్టుకున్నావిడ, ముందుకొచ్చింది. "సరోజినిగారూ, అన్నీ తెలిసిన మీరే ఇలా అంటే ఎలా? పిల్ల లక్షణంగా ఉంది, తల్లికి జ్వరమైనా లేదు. ఏమైందని?"

సుధీంద్ర చెప్పొద్దన్నట్టు చూశాడు. సరోజిని అతని మొహం చూసింది, ఉష మొహం చూసింది. ఉష రహస్యం ఉషది. దాన్ని అరవైమందిలో విప్పే హక్కు తనకు లేదు. తనది తను విప్పుకోవచ్చు.

"నాకైంది కాబట్టి చెప్తున్నాను" అంది. "మా అర్జున్ పుట్టినప్పుడు నాకు బాలింత గుణం వచ్చింది. పదిహేడో రోజున బావిలో దూకబోయాను. పనిమనిషి లాగకపోతే ఇవాళ మీ పిల్లలకి నీళ్ళు పోసేదాన్ని కాదు. అది దయ్యం కాదు, సుకుమారం కాదు, జబ్బు. నిద్ర, మందు, పక్కన మనిషి ఉంటే పోతుంది. వంట చేస్తే పోదు. నేను చేసి చూశాను."

కుళాయిలో నీళ్ళు సన్నబడి ఆగిపోయాయి. కమలాకుమారి ఉయ్యాల వైపు చూసి, సరోజిని చేతుల వైపు చూసింది. ఆ చూపు కోసమే కదా ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నది అనుకుంది సరోజిని. అనుకున్నంత నొప్పిగా లేదు. నొప్పి లేకపోలేదు.

దుర్గాంబ కోడలి దగ్గరికి వెళ్ళి నిలబడింది. "నీకూ అలాగే ఉందిటే?" అని మెల్లిగా అడిగింది. ఉష తలూపింది, ఊపి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి బిగ్గరగా ఏడ్చింది.

మర్నాడు సరోజినీ సుధీంద్రా ఉషని గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. లైనులో మూడు గంటలు నిలబడ్డాక, నెరిసిన జుట్టు పంజాబీ డాక్టరమ్మ అరగంట సేపు ఉషతో ఒంటరిగా మాట్లాడి, తర్వాత భర్తను లోపలికి పిలిచింది. "బీమారీ హై, ఠీక్ హో జాయేగీ" అంది, జబ్బే, నయమైపోతుందని. పాలిచ్చే తల్లికి సరిపడే మందులు రాసిచ్చింది. ఆమెను ఒంటరిగా వదలొద్దంది. రాత్రిపూట పిల్లను ఎవరు చూస్తున్నారని అతన్నే అడిగి, అతను తెల్లమొహం వేస్తే, ఇవాళ్టినుంచి మీరే చూడండి అంది. అతను డైరీ తీసి రాసుకున్నాడు. ఆంటీ చెబితే చెవికెక్కని మాట డాక్టరు చెబితే డైరీకెక్కింది. పోనీలే, ఎలాగో ఒకలా ఎక్కింది.

దుర్గాంబ టికెట్ మార్చుకుని ఇంకో రెండు వారాలుంది. వెళ్ళేముందు కొడుక్కి చారు పెట్టడం నేర్పింది. నేర్పుతూ, "మగపిల్లాడికి పోపు వెయ్యడం నేర్పాల్సొచ్చింది, నా ఖర్మ" అని కళ్ళు తుడుచుకుంది. కానీ పోపులో ఇంగువ ఎప్పుడు వెయ్యాలో తప్పు చెప్పలేదు. ఆవిడ వెళ్ళాక పగలంతా సరోజిని ఉంది. పిల్లను కింద పార్కులో ఎండకి తిప్పేది. ఉష మాట్లాడితే వినేది, మాట్లాడకపోతే ఊరుకునేది. కొన్ని రోజులు ముందుకెళ్ళేవి, కొన్ని వెనక్కొచ్చేవి.

కమలాకుమారి ఫోన్ చేసి, తమ కోడలికి వాళ్ళమ్మగారు వస్తున్నారనీ, సరోజినిగారికి శ్రమ ఇవ్వదలచుకోలేదనీ చెప్పింది. అలాంటివి ఇంకో రెండు వచ్చాయి. ఒకరోజు మాత్రం మదర్ డెయిరీ బూత్ దగ్గర కమలాకుమారి కోడలే పొట్టతో ఆయాసపడుతూ వచ్చి, "ఆంటీ, అది నాకు వస్తే మీకు ఫోన్ చెయ్యొచ్చా?" అని అడిగింది. సరోజిని ఆ అమ్మాయి అరచేతిలో తన నంబరు రాసింది.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు ఉష విసుక్కుంది. "ఆంటీ, ఆ తాళంచెవి ఇటివ్వండి. పిల్ల గుడ్డలన్నీ స్నానాలగదిలో ఆరేస్తే ముక్కవాసనొస్తున్నాయి." సరోజిని వెంటనే ఇవ్వలేదు. ఆ వారం డాక్టరమ్మని అడిగి, సరేనన్నాక ఇచ్చింది. ఉష తలుపు తీసి, గుడ్డలన్నీ ఆరేసి, తిరిగొచ్చి తాళం ఆవిడ చేతిలో పెట్టింది. తర్వాత ఆ రోజంతా ఆ తలుపు తీసే ఉంది.

మే నెలలో, ఐదో నెల పడ్డాక, ఆదివారం పొద్దున్న చేద వేశారు. అరవైమంది లేరు. బకెట్, ఉష, సరోజిని, పిల్లనెత్తుకుని సుధీంద్ర ఉన్నారు. ఉష నీళ్ళు తోడి వంటింట్లోకి తెచ్చింది. పొయ్యి మీద చారు మరుగుతోంది. "మాడుతోంది, చూడండి" అని అతనికి చెప్పి, బిందె దించి బయటికొచ్చేసింది.

సరోజిని ఇల్లు చేరేసరికి పది దాటింది, ఎండ మండిపోతోంది. పెట్టె తాళం సదాశివరావు ముందు బల్ల మీద పెట్టి, కూలర్ ముందు నేల మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. ఇన్నేళ్ళలో అలా కాళ్ళు చాపినప్పుడల్లా వాటి మీద ఎవరి బిడ్డో ఒకరు ఉండేవారు. ఇవాళ కాళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"వచ్చావా? కాఫీ" అన్నాడు సదాశివరావు. ఆమె కదలకపోయేసరికి పేపరు దించాడు. "వినపళ్ళేదా?"

"వినపడింది. ఒక సంగతి గుర్తొచ్చిందండీ. నాకు చేద వెయ్యలేదు."

"ఏమిటి?"

"అర్జున్ పుట్టినప్పుడు. బావి దగ్గరికి రానివ్వలేదుగా. ఆ తర్వాత ఎవరూ గుర్తు పెట్టుకోలేదు, నాతో సహా. లెక్కప్రకారం నేనింకా బాలింతనే. వంటింట్లోకి రాకూడదు."

సదాశివరావు నవ్వాడు. నవ్వి, ఆమె కూడా నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె కూలర్ గాలికి కళ్ళు మూసుకుంది. కొంచెం సేపటికి కుర్చీ కిర్రుమంది, చెప్పుల చప్పుడు వంటింట్లోకి వెళ్ళింది, డబ్బాల మూతలు ఒకదాని తర్వాత ఒకటి చప్పుడయ్యాయి.

"కాఫీపొడి ఎక్కడుంటుంది?"

"ఇరవైమూడేళ్ళనించీ ఉన్నచోటే" అంది సరోజిని, కళ్ళు తెరవకుండా.